డప్పు దించిన పల్లెలు

ఒక చిన్న మతసమాజం తన బతుకును తానే బొమ్మగా, కుట్టుగా, పాటగా చెప్పుకోవడానికి ఏం కావాలి? ఈ ప్రశ్న అడిగితే నాకు ముందుగా మెన్నొనైట్లు గుర్తొస్తారు. 1525లో జ్యూరిక్‌లో పసిపిల్లల బాప్తిస్మాన్ని కాదని, ఎదిగిన మనిషి తెలిసి విశ్వసించి తీసుకునేదే బాప్తిస్మమని నిలబడ్డవాళ్ల వారసులు వాళ్లు. మెన్నో సైమన్స్ అనే డచ్చి బోధకుడి పేరు వాళ్లకు స్థిరపడింది. కత్తి పట్టబోమన్నారు కాబట్టి చాలా రాజ్యాలు వాళ్లను స్థిరంగా నిలవనివ్వలేదు. నెదర్లాండ్స్, ప్రష్యా, దక్షిణ రష్యా, అమెరికా, కెనడా, పరాగ్వే అంటూ మూటాముల్లె కట్టుకుని తిరిగారు. ప్రార్థనామందిరంలో బొమ్మ ఉండకూడదన్న కట్టుబాటు వాళ్లది. అదే జనం ఇళ్లలో మాత్రం కళ పొంగిపొర్లింది. పెన్సిల్వేనియాలో క్రిస్టఫర్ డాక్ అనే బడిపంతులు బాగా చదివిన పిల్లకు స్వయంగా పిట్టనో పువ్వునో గీసి బహుమానంగా ఇచ్చేవాడు. వంకుల అక్షరాలతో వాక్యం రాసి చుట్టూ తీగలు అల్లే ఆ పద్ధతిని ఫ్రాక్టూర్ అన్నారు. రష్యాలో క్రోగర్ కుటుంబం చేసిన గోడ గడియారాలు పూలబొమ్మల ముఖాలతో ఖండాలు దాటి వెళ్లాయి. ఆడవాళ్లు కుట్టిన క్విల్టులు ఈనాటికీ వేలంలో అమ్ముడై ఆ డబ్బు కరువు సహాయానికి పోతోంది. రష్యాలో పుట్టి కెనడాకు వలసపోయిన హెన్రీ పాల్స్ పెద్దవయసులో కుంచె పట్టి, తాము పోగొట్టుకున్న ఊళ్లను, ఆ ఊళ్ల ఆదివారాలను జ్ఞాపకంలోంచి గీశాడు.

తెలుగునాట కూడా మెన్నొనైట్లు ఉన్నారు, తక్కువేమీ కాదు. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, దేవరకొండ, శంషాబాద్ ప్రాంతాల మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాల్లో లక్షకు పైగా విశ్వాసులున్నారు. జడ్చర్లలో ఆసుపత్రి, శంషాబాద్‌లో బైబిల్ కళాశాల వాళ్లవే. అయినా ఈ వ్యాసానికి మిరప, పత్తి మైదానాన్ని, అంటే గుంటూరు, ప్రకాశం పల్లెలను ఎంచుకోవడానికి కారణం ఉంది. దక్షిణ రష్యాలో 1860లో మెన్నొనైట్ బ్రదరెన్ విడిగా ఏర్పడి, నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మాన్ని స్వీకరించాక వాళ్లు బాప్టిస్టులకు దగ్గరయ్యారు. ఆ దగ్గరితనంతోనే అబ్రహాం ఫ్రీసెన్ 1889లో ఇక్కడికి వచ్చి, అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ నీడలో నల్గొండలో పని మొదలుపెట్టాడు. ఆ బాప్టిస్టు మిషన్ గుండెకాయ ఒంగోలు. కాబట్టి తెలుగు మెన్నొనైట్ కళ ఎందుకు ఇలా ఉందో, ఏది ఎందుకు లేదో తెలియాలంటే ముందు ఒంగోలు దగ్గరికి రావాలి. పక్కనే గుంటూరులో లూథరన్లు ఇంకా ముందునుంచీ, 1842లో ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టినప్పటినుంచీ ఉన్నారు. మూడు సంఘాల కథలోనూ ఉన్నది ఒకే మనుషులు: మాల, మాదిగ పల్లెల జనం.

ఒంగోలు కథ దొరలతో మొదలు కాలేదు. కనిగిరి వైపు తోళ్ల వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరను చూడకముందే దేవుణ్ణి వెతుకుతున్నాడు. వీరబ్రహ్మం బోధలు, నాసరయ్య యోగి శిష్యులు, వీరమ్మ అనే స్త్రీ గురువు, రాజయోగ సాధన, ఇవన్నీ అప్పటికే ఆ పల్లెల్లో ఉన్నాయి. రాత్రి పొద్దుపోయేదాకా తత్వాలు పాడుకునే అలవాటు ఉంది. అంటే విగ్రహం లేని దేవుడి మాట ఆ మట్టికి కొత్త కాదు, దాన్ని పాటగా పాడుకోవడమూ కొత్త కాదు. 1866లో జాన్ క్లౌ ఒంగోలులో స్థిరపడ్డాడు. పేరయ్య బాప్తిస్మం తీసుకున్నదీ ఆ ఏడే. ఆ తర్వాత తోళ్లు కొనడానికి తిరిగిన బాటలవెంటే కొత్త బోధ నడిచింది. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని క్లౌ వేలమందికి కూలి చూపించాడు. కరువు తీరాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది మునిగి లేచారు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మమిచ్చినవాళ్లు తెలుగు బోధకులే.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడో షరతుతో డప్పు కింద పడింది. కళ గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడ ఆగి చూడాలి. గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగించి, గడ్డిమంట మీద కాచి, ఒక చేత సిర్ర, ఒక చేత సిటికెన పుల్ల పట్టి వాయించే ఈ వాద్యం మాదిగ పల్లె చేతిలో ఉన్న పెద్ద విద్య. పోలేరమ్మ కొలుపుకు ఒక దెబ్బ, పెళ్లికి ఒక దెబ్బ, చావుకు ఇంకో దెబ్బ, దండోరాకు వేరే దెబ్బ. తండ్రి చేతిలోంచి కొడుకు చేతికి వచ్చిన తాళాల లెక్క అది. అయితే అదే డప్పు ఊరికి చేయవలసిన వెట్టి కూడా. పిలిచినప్పుడు పోవాలి, పెట్టింది తినాలి, అరుగు కింద నిలబడి వాయించాలి. క్రైస్తవులైనవాళ్లు జాతరలో డప్పు కొట్టం అనేసరికి ఊరి పెద్దలకు కోపం వచ్చింది. పనులు ఆపారు, దారులు, బావులు మూశారు. దొరలు మన కళను చంపేశారని ఈమధ్య తేలిగ్గా అంటున్నారు. నాకది సగం నిజంగానే కనిపిస్తుంది. డప్పు దించడంలో మిషన్ కట్టడి ఎంత ఉందో, మేం ఇక ఊరి గుమ్మంలో నిలబడి వాయించబోమన్న పల్లె ఆత్మగౌరవమూ అంత ఉంది. విద్య పోయింది, వెట్టీ పోయింది. ఈ రెంటినీ కలిపి చూడని సమీక్ష ఏదైనా ఒంటికన్నుతో చూసినట్టే.

ఆ పోయినదాంట్లో కొంత కాగితం మీద మిగిలింది. క్లౌ రెండో భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ మాదిగ పెద్దల దగ్గర కూర్చుని విన్న కథలను 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకంగా అచ్చేసింది. అరుంధతి, జాంబవంతుడు, మాతంగి, యోగి గురువులు, చెప్పులు కుడుతూ చెప్పుకున్న వంశకథలు అందులో ఉన్నాయి. అమెరికా పాఠకుల కోసం ఇంగ్లీషులో రాసిన పుస్తకం కాబట్టి పాట దరువు, యాస, నవ్వు అందులోకి రాలేదు. అయినా ఒంగోలు మాదిగల మౌఖిక సంపదకు అంత తొలినాటి గ్రంథం మరొకటి అరుదు. దీనికి మంచి తెలుగు రూపం తెచ్చి ప్రతి బడి గ్రంథాలయంలో పెట్టవలసిన అవసరం ఉంది.

డప్పు పోయిన చోటికి ఏం వచ్చింది? మొదట కీర్తన. పురుషోత్తం చౌదరి వంటివాళ్లు కర్ణాటక రాగతాళాల్లో కట్టిన పాటలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చేరి, చదువురాని పల్లెకు కంఠతా వచ్చాయి. నల్గొండ, పాలమూరు మెన్నొనైట్ మందిరాల్లోనూ ఈ కీర్తనలే మోగాయి. తత్వాలు పాడిన గొంతులకు తాళాలు, కంజిర పట్టి భజనలో కూర్చోవడం కష్టం కాలేదు. ఆ తర్వాత బుర్రకథ. ఈ కళకు ఆధునిక రూపమిచ్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు, ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కమ్యూనిస్టుల చేతిలో పదునెక్కిన ఈ రూపాన్నే క్రైస్తవ పల్లెలు క్రిస్మస్ రాత్రికి, ఉజ్జీవ కూటాలకు తెచ్చుకున్నాయి. యోసేపును అన్నలు అమ్మిన కథ, తప్పిపోయిన కుమారుడి కథ, సింహాల బోనులో దానియేలు. యోసేపు కథ నడుస్తుంటే రాజకీయ వంత మధ్యలో దూరి కూలి రేట్ల గురించి, పాలేరుతనం గురించి నాలుగు మాటలు వేస్తాడు. నా దృష్టిలో ఈ పల్లెల క్రైస్తవ జానపద కళలో అన్నిటికన్నా సజీవమైన క్షణం అదే. బైబిలు కథలోకి తమ బతుకు దారి చేసుకుని వచ్చేది అక్కడే.

వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువను జానపద కళాకారుడు అనలేం. కానీ ఆయన్ను పక్కనపెట్టి ఈ ప్రశ్న ముందుకు సాగదు. ‘గబ్బిలం’ పద్యాలను నాటక వేదికల మీద రాగం తీసి పాడుతుంటే, పలక పట్టని మనుషులు కూడా విని నేర్చుకుని మళ్లీ పాడారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మొదటిదాంట్లో పల్లె ఆకలి ఉంది, రెండోదాంట్లో క్రీస్తు ఉన్నాడు. ఈ మైదానం నుంచి వచ్చిన మరే కళాకారుడూ ఈ రెంటినీ ఒకే చేత్తో అంత బలంగా పట్టుకోలేదు.

చెవికి ఇంత దొరుకుతుంటే కంటికి దొరికేది తక్కువ. మొదటినుంచీ బొమ్మ బయటినుంచే వచ్చింది. సండే స్కూలు పిల్లలకు బహుమానంగా పంచడానికి అమెరికా నుంచి రంగుల కార్డులు వచ్చేవి. నీలికళ్ల యేసు, తెల్లటి గొర్రెపిల్లలు, మంచు పడ్డ చెట్లు. డాక్ పంతులు తన పిల్లకు తన చేత్తో తమ తోటలోని పిట్టను గీసి ఇచ్చాడు. మన పల్లె పిల్లకు వేరే దేశపు చెట్టు ముద్రలో వచ్చింది. ఆ తర్వాత క్యాలెండర్లు, 1978లో ‘కరుణామయుడు’ వచ్చాయి. విజయచందర్ ముఖమే ఊరూరా తెరల మీద, గోడల మీద యేసు ముఖం అయింది. భక్తికి అది చాలు, అందులో తప్పు వెతకను. కానీ ఆ బొమ్మల్లో ఎక్కడా మిరపకళ్ళం లేదు, పత్తి తీసే ఆడకూలి లేదు.

బొమ్మలో తమవాళ్లు కనపడాలని జీవితమంతా పని చేసినవాడు పులిదిండి సాల్మన్ రాజ్. 1921లో పుట్టి, లూథరన్ పాదిరిగా ఉండి, దాదాపు నూరేళ్లు బతికిన ఈ కళాకారుడు విజయవాడలో సెయింట్ ల్యూక్స్ లలితకళా ఆశ్రమం నడిపాడు. ఆయన ఎంచుకున్న పద్ధతులు రెండు. ఒకటి బాటిక్: నూలుగుడ్డ మీద వేడి మైనంతో గీత గీసి, రంగులో ముంచి, మైనం పగిలిన చోట రంగు పాకనిచ్చి, మళ్లీ ముంచడం. రెండోది చెక్కమీద చెక్కి అచ్చు తీయడం. బాటిక్ గుడ్డను చుట్టి చంకన పెట్టుకోవచ్చు, చెట్టు కొమ్మకు వేలాడదీసి కథ చెప్పవచ్చు. కొయ్య అచ్చుకు ఖర్చు తక్కువ, ఒకే బొమ్మను ఎంతమందికైనా పంచవచ్చు. ఆయన బొమ్మల్లో క్రీస్తు ఇల్లు విడిచి పారిపోయే కుటుంబంలో ఉంటాడు, వెలివేసినవాళ్ల మధ్య ఉంటాడు. గీత మోటుగా ఉంటుంది, కళ్లు పెద్దవిగా ఉంటాయి. గుంటూరు కేంద్రంగా పెరిగిన దేవదాసు అయ్యగారి బైబిలు మిషన్ మీద ఆయన చేసిన పరిశోధన కూడా ఇదే చూపులోంచి వచ్చింది. దొరల సంఘాల బయట, 1938లో తెలుగువాడే మొదలుపెట్టిన ఆ సంఘంలో పాట, కల, దర్శనం, స్వస్థత ఎలా జనమతంగా మారాయో గ్రంథంగా రాశాడు. అయితే ఆయన బొమ్మలు జర్మనీ, ఇంగ్లండ్ చర్చిల్లో దొరికినంతగా మన పల్లె మందిరాల్లో దొరకవు. ఒక మనిషి దారి వేశాడు, ఆ దారిలో నడిచే బడి ఏర్పడలేదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు క్రీస్తు జీవితాన్ని గుడ్డమీద చిత్రించారు, అవీ చాలా అందమైన పనులు. కానీ అవి ఈ పల్లెలు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు కావు.

తమ గురించి తాము చెప్పుకున్నవి వెతకాలంటే కళ అనే పేరు పెట్టని చోట్ల చూడాలి. తలుపు పైకమ్మీ మీద రంగుతో రాయించుకున్న బైబిలు వాక్యం అలాంటిది. వీధి పెయింటరు చేతిలో అక్షరాలకు నీడలు వస్తాయి, రెండు పక్కలా ద్రాక్షతీగె వస్తుంది, చివర పావురం వాలుతుంది. పెన్సిల్వేనియా ఫ్రాక్టూర్‌కు ఇది సొంత చెల్లెలు. ఫ్లెక్సీ వచ్చాక ఆ పెయింటర్లు చేతులు కడుక్కున్నారు. పాత ఇళ్లు పడగొట్టి స్లాబు వేసుకుంటున్న కొద్దీ ఆ గుమ్మాలూ పోతున్నాయి. క్రిస్మస్‌కు వెదురుబద్దలతో, రంగుకాగితంతో కట్టే నక్షత్రం, ఆ నెలంతా క్రైస్తవ వాకిళ్లలో వేసే సిలువ ముగ్గులు, నవంబరు 2న సమాధుల పండగకు సున్నం కొట్టి బంతిపూలు పరిచే గోరీలు, ఇవన్నీ ఈ వరసలోవే. లూథరన్, బాప్టిస్టు మందిరాల్లో పంటల పండగ నాడు ఎండుమిరప బస్తా, గుమ్మడికాయ, పత్తి, కోడిపుంజు బలిపీఠం ముందు పేర్చి తర్వాత వేలం వేస్తారు. మెన్నొనైట్లు క్విల్టులు వేలం వేసి కరువు నిధికి పంపడానికీ దీనికీ చుట్టరికం ఉంది. పండించిన చేతులే అలంకరిస్తాయి, అలంకరించిన చేతులే పాట పాడి కొంటాయి.

క్విల్టు మాట వచ్చింది కనుక బొంత గురించి చెప్పాలి. పాత నూలుచీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచులు మడిచి, పొడుగు కుట్లతో కుట్టే బొంత ఈ మైదానంలో ప్రతి కూలి ఇంటా ఉండేది. ఎవరి చీర ఏ ముక్కలో ఉందో కుట్టిన మనిషి చెప్పగలదు. ఇది అమ్మ పెళ్లిది, ఇది క్రిస్మస్‌కు తీసింది, ఇది చనిపోయిన చెల్లిది. మెన్నొనైట్ ఆడవాళ్ల క్విల్టులకు పేర్లున్నాయి, నమూనాలున్నాయి, మ్యూజియంలున్నాయి, పుస్తకాలున్నాయి. మన బొంత చిరిగితే పొయ్యి తుడిచే గుడ్డ అవుతుంది. ఈ రెంటి మధ్య నేర్పులో తేడా లేదు. చూసినవాళ్లు దాచుకోవడంలోనే తేడా ఉంది. ఆడవాళ్ల చేతిపనిని ఆడవాళ్లే గుంపుగా కూర్చుని చేసి, దానికి సంఘంలో గౌరవం ఇచ్చిన ఆచారాన్ని మెన్నొనైట్ల దగ్గర్నుంచి మన స్త్రీల సమాజాలు తీసుకోవచ్చు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక అన్నిటికన్నా బరువైన మాట. మెన్నొనైట్ ఇళ్లలో బైబిలు పక్కన ఉండే పుస్తకం ‘మార్టర్స్ మిర్రర్’. విశ్వాసం కోసం చంపబడ్డవాళ్ల కథలతో 1660లో డచ్చి భాషలో వచ్చింది. 1685 ముద్రణకు యాన్ లూయ్‌కెన్ 104 చిత్రాలు చెక్కాడు. అందులో డిర్క్ విల్లెమ్స్ బొమ్మ ప్రపంచమంతా తెలుసు. తనను తరుముకొచ్చిన భటుడు మంచు విరిగి నీళ్లలో పడితే వెనక్కి వచ్చి చేయి అందించాడు. ఆ భటుడి చేతికే చిక్కి 1569లో కాలిపోయాడు. మూడు వందల ఏళ్లకు పైగా మెన్నొనైట్ పిల్ల తాము ఎవరో ఈ బొమ్మ చూసి నేర్చుకుంటోంది.

మన మైదానంలో 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవాళ్లు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను నరికి కాలవల్లో పడేశారు. చుండూరు జనం తమవాళ్లను ఊరి నడుమ పూడ్చి ఆ చోటును రక్తక్షేత్రం అన్నారు. ఈ రెండు పల్లెల్లోనూ క్రైస్తవ కుటుంబాలు ఉన్నాయి, ఆదివారం మందిరానికి పోయే మనుషులున్నారు. గద్దర్ కారంచేడు మీద పాట కట్టాడు. దళిత మహాసభ పుట్టింది. కవిత్వం కుప్పలుగా వచ్చింది. కానీ ఏ సండే స్కూలు గోడ మీదా వాళ్ల బొమ్మ లేదు, ఏ క్రిస్మస్ నాటకంలోనూ వాళ్ల ప్రస్తావన లేదు. బెత్లెహేములో హేరోదు చంపించిన పసిపిల్లల కథను ప్రతి ఏడూ వేస్తాం. చుండూరు కాలువ దాకా ఆ కథను తీసుకురావడానికి మాత్రం భయపడతాం. విశ్వాసం కోసం చావడమూ, కులం పేర చంపబడటమూ ఒకటి కాదని పెద్దలు అభ్యంతరం చెప్పవచ్చు. కానీ ఒక సమాజం తాను ఎవరో తెలుసుకునేది తన చావుల ద్వారా కూడానని మెన్నొనైట్లు ఆ పుస్తకంతో నిరూపించారు. ఈ మైదానపు క్రైస్తవుల అస్తిత్వం గురించిన ప్రశ్నలో అతి పెద్ద ఖాళీ ఇదేనని నా అభిప్రాయం.

చిత్రంగా, డప్పు తిరిగి లేచింది కూడా ప్రకాశం జిల్లాలోనే. 1994 జూలై 7న ఈదుమూడిలో మంద కృష్ణ నాయకత్వాన మొదలైన మాదిగ దండోరా ఉద్యమం, ముత్తాతలు దించిన వాద్యాన్ని మెడకు తగిలించుకుని ఊరేగింది. వెట్టికి కాకుండా హక్కుకు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ రిజర్వేషన్లలో వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పేదాకా ఆ మోత ఆగలేదు. దాని ప్రభావం మందిరాల మీదా పడింది. క్రిస్మస్ ఊరేగింపుల్లో డప్పు వినిపిస్తోంది, అంత్యక్రియలప్పుడూ వినిపిస్తోంది. లోపల, ఆరాధనలో పెట్టవచ్చా లేదా అన్న తగువు మాత్రం చాలా సంఘాల్లో తెగలేదు. విగ్రహారాధన వాసన అని పెద్దలు, మన చర్మం, మన చప్పుడు అని కుర్రవాళ్లు.

ఈ తగువు తేల్చడానికి సాయం చేయగలిగిన మాట చెప్పినవాడు తెలుగునేల మీద పుట్టిన ఒక మెన్నొనైటే. 1932లో శంషాబాద్‌లో మిషనరీ దంపతులకు పుట్టిన పాల్ హీబర్ట్ తిరిగి తెలుగునేలకే వచ్చి పనిచేశాడు. తెలంగాణ పల్లె ఒకదాని కులవ్యవస్థ మీద ‘కొండూరు’ అనే గ్రంథం రాసి మానవశాస్త్రంలో పేరుపొందాడు. డప్పులు, పాటలు, నాటకాలు, ఆటలు అన్నిటినీ పాపమని తోసేసిన మిషనరీల తొందరను ఆయన విమర్శించాడు. అన్నిటినీ కళ్లు మూసుకుని ఒప్పుకోవడాన్నీ విమర్శించాడు. సంఘమంతా కలిసి కూర్చుని, పాత ఆచారం అసలు ఏం చెబుతోందో ముందు అర్థం చేసుకుని, వాక్యం వెలుగులో చూసి, ఏది ఉంచాలో ఏది మార్చాలో తామే తేల్చుకోవాలన్నాడు. తేల్చేది బయటివాడు కాదు, సంఘం. 1866లో ఒంగోలులో జరగనిది ఇదే. అప్పుడు షరతు దొర నోటినుంచి వచ్చింది. ఇప్పుడు ఆ కూర్చోవడం ఒంగోలు జూవెట్ మందిరంలోనో, గుంటూరు లూథరన్ పెద్దల సభలోనో, శంషాబాద్ బైబిల్ కళాశాలలోనో జరగవచ్చు.

దానితోపాటు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. తెలుగు మెన్నొనైట్ల పాత ఫొటోలు, మిషన్ రికార్డులు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో భాండాగారంలో భద్రంగా ఉన్నాయి, బాప్టిస్టులవి అమెరికాలోని వాళ్ల చరిత్ర సంఘం దగ్గర ఉన్నాయి. అవన్నీ దొరల కెమెరా చూసిన మనం. మనం చూసుకున్న మనం ఇక్కడే ఉంది: బుర్రకథ దళాలు చేత్తో రాసుకున్న నోటు పుస్తకాల్లో, పెట్టె అడుగున మడతపెట్టిన బొంతల్లో, ఇంకా పడగొట్టని గుమ్మాల మీద. గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885 నుంచి ఉంది, పిల్లలకు కొదవ లేదు, చేతుల్లో ఫోన్లున్నాయి. ఒక క్రిస్మస్ సెలవుల్లో ఒక్కో విద్యార్థి తన పల్లెలోని ఒక గుమ్మాన్ని ఫొటో తీసి, ఒక బొంత కథ రాసుకుని, ఒక వృద్ధ వంతగాడి పాట రికార్డు చేసి తెస్తే, ఈ మైదానపు మొదటి సేకరణ సంక్రాంతిలోపు ఆ కాలేజీలోనే ఉంటుంది.